సంఘం పెట్టె, కోశాధికారి తాళంచెవి

మన సంఘానికి అధ్యక్షులెవరని అడిగితే పిల్లలు కూడా చెబుతారు. ఉగాదినాడు వేదికమీద మధ్య కుర్చీలో కూర్చునేది ఆయనే. కార్యదర్శి పేరు ఆహ్వానపత్రిక అడుగున అచ్చుపడుతుంది కనుక అదీ తెలుస్తుంది. కోశాధికారి ఎవరని అడిగితే మాత్రం ఇంట్లో పెద్దవారు ఒక్క క్షణం ఆలోచించి, "చందాకు వచ్చేది ఆయనే కాబోలు" అంటారు. పండుగ పది రోజులున్నదనగా ఆయన వీధి మలుపు తిరుగుతూ కనిపిస్తే, "చిల్లర లేదు, రేపు రమ్మను" అని లోపలినుంచి ఒక కేక. ఇది ఎవరినీ ఆక్షేపించడానికి రాస్తున్నది కాదు. ఆ కేక వేసినవాళ్లలో మేమూ వున్నాము. తరువాత రసీదు పుస్తకం చంకన పెట్టుకుని గుమ్మాలు ఎక్కి దిగినవాళ్లలోనూ వున్నాము.

దామంజోడి పాత ఊరే అయినా, మన కుటుంబాలు ఇక్కడికి వచ్చింది నాల్కో కంపెనీ వెంట. ఆ కంపెనీ 1981 జనవరి 7న ఏర్పడింది. పంచపట్మలి కొండమీది బాక్సైటు రాయి పద్నాలుగు కిలోమీటర్లకు మించిన పొడవున్న పట్టామీద కర్మాగారానికి దిగి, అల్యూమినాగా మారి, రైలుబండి ఎక్కి కొంత అంగుల్‌కూ కొంత విశాఖపట్నం రేవుకూ పోతుంది. ఆ రైలుబండి పోయే దిక్కుననే మన ఊళ్లు వున్నవి. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం, సాలూరు. చుట్టమైతే రాత్రికి రాత్రి రాగలిగేంత దగ్గర, పిల్లలకు అక్షరాలు నేర్పే బడి దొరకనంత దూరం. ఈ దూరమే మన సంఘాలను పుట్టించింది. ఆ మాటకొస్తే ఈ కొరాపుట్ సీమ 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకూ విశాఖపట్నం జిల్లాలోనిదే. జయపురం మహారాజు విక్రమదేవవర్మగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటేటా లక్ష రూపాయలు ఇచ్చిన సంగతి మన పెద్దలు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. ఇచ్చినవారి పేరు మనకు తెలుసు. ఆ లక్ష ఏ యేడు ఏ పద్దులో జమపడిందో, ఏ పరికరానికి ఏ గదికి ఖర్చుపడిందో రాసిన గుమాస్తా పేరు ఎవరికీ తెలియదు. ఈ వ్యాసం ఆ రాసినవాడి గురించి.

కోశాధికారి అనేమాట వింటే ఏదో రాజ్యాధికారం స్ఫురిస్తుంది. అర్థశాస్త్రంలో కౌటిల్యుడు ఆ పనిని ఇద్దరికి పంచాడు. పన్నులు రాబట్టేవాడు సమాహర్త. వచ్చినదాన్ని భద్రపరిచేవాడు సన్నిధాత. లెక్కలు రాసే అక్షపటలం వేరే వున్నది. అంటే వసూలు చేసే చెయ్యి, దాచే చెయ్యి, రాసే చెయ్యి ఒక్కటి కారాదని ఆయన ఉద్దేశం. సర్కారు సొమ్ము కాజేయడానికి నలభై దారులున్నవని లెక్కపెట్టి మరీ చెప్పాడు. మన సంఘాలలో మూడు చేతులూ ఒకే మనిషివి. పొద్దున షిఫ్టు దిగి, టీ తాగి, సైకిలుమీదనో స్కూటరుమీదనో వసూలుకు బయలుదేరేదీ ఆయనే. రాత్రి భోజనమయ్యాక కళ్లజోడు పెట్టుకుని పద్దు రాసేదీ ఆయనే. మంచంకింద ఇనపపెట్టెలో దాచేదీ ఆయనే. దీనికి జీతం లేదు. నిందకు మాత్రం కొరత లేదు.

నింద అంటే మన రామదాసుగారు గుర్తుకు వస్తారు. కంచర్ల గోపన్న తానీషా కాలంలో తహశీలుదారుగా వుండి, సర్కారుకు కట్టవలసిన పైకంతో భద్రాచలంలో గుడి కట్టించి, గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు వున్నారని చెప్పుకుంటాము. రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షలు చెల్లించి విడిపించారని కథ. ఆ కథ వింటే మా కళ్లూ చెమరుస్తవి. కాని లెక్కలు రాసే గుమాస్తా మనసుతో చూస్తే అందులో రెండు సంగతులు కనబడతవి. ఖర్చు ఎంత మంచిదైనా, అనుమతి లేని ఖర్చు అనుమతి లేని ఖర్చే. రెండోది, రాములవారు పైకం చెల్లించి ఊరుకోలేదు; చెల్లినట్టు తానీషా చేత రసీదు కూడా పుచ్చుకున్నారు. ఆ రసీదు లేకపోతే మరునాడు చెరసాల తలుపు తెరిచేవారా?

రసీదు మన ఆడవాళ్లకు కొత్త సంగతి కాదు. నోముల్లో వాయనం ఇచ్చేటప్పుడు ఇచ్చినావిడ ఇచ్చానని పలుకుతుంది, పుచ్చుకున్నావిడ పుచ్చుకున్నానని పలుకుతుంది. ఇద్దరూ పలికితేగాని వాయనం చెల్లదు. కోశాధికారి చేసేది అంతే, కాగితంమీద. రసీదులకు వరుస నెంబర్లు వుండాలి. ఇచ్చిన ప్రతి రసీదుకూ పుస్తకంలో నకలు మిగలాలి. తప్పు రాసిన రసీదును చింపి పారెయ్యకూడదు. అడ్డంగా గీత కొట్టి, రద్దు అని రాసి, రెండు ప్రతులూ పుస్తకంలోనే అంటించాలి. ఒక్క నెంబరు కనబడకపోయినా, అది అయిదు రూపాయలదో అయిదువేలదో ఎవరు చెప్పగలరు? చిట్టాలో తప్పు పడితే రుద్ది చెరపకుండా, గీత కొట్టి పక్కన సరిఅయిన అంకె రాసి పొట్టిసంతకం చెయ్యాలి. అయ్యవారేం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారని మన సామెత. దిద్దడం తప్పు కాదు. దిద్దినట్టు కనబడకపోవడమే తప్పు.

దక్షిణాఫ్రికాలో 1894లో నేటాల్ ఇండియన్ కాంగ్రెసు పెట్టిన గాంధీగారు కూడా మనలాగే మొదట నెలనెలా చందా వసూలుకు తిరిగారు. నెలకు అయిదు షిల్లింగులు. తిరగలేక, చందాను ఏడాదికొకసారి మూడు పౌన్లుగా మార్చారు. టోంగాట్ అనే ఊళ్లో ఒక షావుకారు ఆరు పౌన్లు ఇవ్వవలసినవాడు మూడే ఇస్తానని భీష్మించాడు. పుచ్చుకుంటే మిగతా ఊళ్లవాళ్లూ అంతే ఇస్తారు. వెళ్లినవాళ్లకు ఆకలి. చందా ఇవ్వనిదే అన్నం ముట్టమని అందరూ రాత్రంతా అక్కడే కూర్చున్నారు. తెల్లవారుతుండగా ఆయన ఆరు పౌన్లూ ఇచ్చి, విందు కూడా పెట్టాడు. ఇది గాంధీగారు తన ఆత్మకథలో చెప్పుకున్న సంగతే. వచ్చిన ప్రతి పైసకూ రసీదూ, పైసపైసకూ లెక్కా వుండాలని ఆయన అక్కడే పట్టుపట్టారు. మేము ఈ కథను మా వీధి ఆఖరి ఇంటి బాబాయిగారికి చెప్పి చూశాము. "మంచి కథ, రేపు రండి" అన్నారు.

మన బెజవాడకూ ఇందులో చోటున్నది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అక్కడ జరిగిన అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశంలోనే తిలక్ స్వరాజ్యనిధికి జూన్ 30 లోగా కోటి రూపాయలు పోగుచెయ్యాలని తీర్మానించారు. మూడు నెలలు కూడా లేదు గడువు. మన స్త్రీలు చేతి గాజులు, మెడలో గొలుసులు తీసి ఇచ్చారు. గడువులోగా కోటి నిండింది. కాంగ్రెసుకు అప్పటి కోశాధికారులలో జమన్‌లాల్ బజాజ్‌గారు ఒకరు. ఆయన తానే షావుకారు, స్వయంగా లక్ష ఇచ్చినవారు. దేశమంతటా ఊరూరా పోగైన చిల్లరనూ బంగారాన్నీ ఒక లెక్కలోకి తెచ్చుకోవడం ఎంత పనో, ఉగాది పందిట్లో హుండీ విప్పి నాణేలు లెక్కపెట్టినవారికి కొంత తెలుస్తుంది. గాజు ఇచ్చినావిడకు గాజుకు రసీదు ఇవ్వాలి. దాని ధర అమ్మినతరువాతగాని తెలియదు. బంగారాన్ని రూపాయలుగా రాసుకున్న చోటనే సగం తగాదాలు పుడతవి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. ఇది అందరు కొత్త కోశాధికారులూ చేసే పొరపాటు. ఉగాది రాత్రి వసూలు తొమ్మిదివేలు వచ్చినవి అనుకోండి. పందిరివాడు అప్పటికప్పుడే నాలుగువేలు అడిగాడు. వసూలులోనుంచి తీసి ఇచ్చి, మిగిలిన అయిదువేలు మరునాడు బ్యాంకులో వేసి, చిట్టాలో వసూలు అయిదువేలు అని రాశారు. పెట్టెలో పైసా తక్కువ లేదు. దొంగతనం లేదు. కాని లెక్క అబద్ధమైంది. ఇచ్చినవాళ్లు తొమ్మిదివేలు ఇచ్చామంటారు, పుస్తకం అయిదంటుంది. పందిరికి ఖర్చే కాలేదంటుంది. వచ్చే యేడు వచ్చినవాడు ఈ పుస్తకం చూసి పందిరి ఉచితమనుకుని అంచనా వేస్తాడు. అందుచేత వచ్చినదంతా ముందు జమ. ఆ తరువాతే ఖర్చు, దానికి వేరే కాగితం, పుచ్చుకున్నవాడి సంతకం. వసూలు డబ్బు బ్యాంకు గుమ్మం తొక్కకుండా ఖర్చు గుమ్మం తొక్కకూడదు. చిల్లర ఖర్చులకు ముందే కొంత సొమ్ము విడిగా తీసి పెట్టుకుంటే పందిరివాడి ముందు తడబడనక్కర లేదు.

బ్యాంకు చెక్కుకు ఇద్దరి సంతకాలు వుండాలన్న నియమం చాలామందికి అవమానంగా తోస్తుంది. "నామీద నమ్మకం లేదా?" అంటారు. ఆ ప్రశ్నకు మా పాత కోశాధికారి ఒకరు చెప్పిన జవాబు బాగున్నది. "రెండో సంతకం నా గొళ్లెం. రాత్రి హాయిగా నిద్రపడుతుంది." ఖాళీ చెక్కులమీద రెండో ఆయన చేత ముందే పది సంతకాలు చేయించుకుని దగ్గర పెట్టుకునే సంఘాలు కూడా వున్నవి. అట్లాంటప్పుడు ఆ గొళ్లెం గోడకు వేసినట్టే, తలుపుకు వేసినట్టు కాదు.

ఇప్పుడు చందాలు సెల్‌ఫోనులో వస్తున్నవి. 2016లో మొదలైన యూపీఐ పుణ్యమా అని "చిల్లర లేదు" అనే కేక కొంత తగ్గింది. కాని కొత్త చిక్కు ఒకటి వచ్చింది. చతురస్రపు బొమ్మ సంఘం ఖాతాది కాకుండా, సులువని కోశాధికారి సొంత ఖాతాది పెడుతున్నారు. ఆ ఖాతాలోనే ఆయన జీతం పడుతుంది, పిల్లవాడి ఫీజు పోతుంది, పాలవాడికి ఇచ్చేది అందులోనుంచే. నెలాఖరుకు ఏ నూటపదహారు సంఘానిది, ఏ నూటపదహారు మేనకోడలి సారెకు వచ్చినది? మన ఇళ్లలో ఆడవాళ్లు ఈ సూత్రం ఎప్పుడో కనిపెట్టారు. పాల డబ్బు ఒక డబ్బాలో, చీటీ డబ్బు ఒక డబ్బాలో, పోపులపెట్టె అడుగున అత్తగారికి కూడా తెలియని డబ్బు మరొకచోట. ఒకదానిలోది ఇంకొకదానిలోకి వెళితే చీటీ రాసి పెట్టేవారూ వున్నారు. మా కార్యవర్గంలో ఇప్పటివరకూ కోశాధికారులు మగవారే కావడం మాకు సంతోషం కలిగించే సంగతి కాదు.

2016 అనగానే ఆ కార్తీకమాసం గుర్తుకు రాక తప్పదు. నవంబరు 13 ఆదివారం వనభోజనాలు. వసూలంతా ముందువారమే అయిపోయింది. 8వ తేదీ మంగళవారం రాత్రి అయిదువందల, వెయ్యి నోట్లు చెల్లవని చెప్పినప్పుడు మా పెట్టెలో అయిదువందలవి 46, వెయ్యివి 9 వున్నవి. మొత్తం 32,000. మా కోశాధికారి అప్పటికే పడుకున్నాడు. లేచి, కార్యదర్శిని పిలిపించి, నోట్లు లెక్కపెట్టి, ఆనాటి ఆఖరి రసీదు కింద గీత కొట్టి, ఏ నోట్లు ఎన్నున్నవో రాసి, గంట వేసి, ఇద్దరూ సంతకాలు చేశారు. మాకు అది కొంత చాదస్తంగా కనిపించింది. రెండు రోజులకు ఆ చాదస్తం విలువ తెలిసింది. ఊళ్లో బాగా కావలసిన మనిషి ఒకరు వచ్చి, తనదగ్గర పాతనోట్లు కొన్ని వున్నవనీ, సంఘం ఖాతాలో కలిపి వేస్తే తరువాత నెమ్మదిగా తిరిగి ఇవ్వవచ్చుననీ, కొంత సంఘానికి విరాళం కూడా ఇస్తాననీ అన్నారు. మా కోశాధికారి పుస్తకం తెరిచి ఆ గీత చూపించాడు. "దీని కింద పాతనోటు రాయడానికి నాకు చోటు లేదండి" అన్నాడు. ఆయన కోపగించి వెళ్లిపోయారు. ఆ యేడు వనభోజనాలకు రాలేదు. మరి రెండేళ్లు పలకరింపు కూడా లేదు. ఆ స్నేహం పోయిన బాధ మా కోశాధికారికి ఇప్పటికీ వున్నది. దానికి చిట్టాలో పద్దు లేదు.

కోశాధికారికి అన్నిటికన్న కష్టమైన పని "లేదు" అనడం. వేదికమీద దండలు పడి, చప్పట్లు మోగి, అధ్యక్షులవారి మనసు పొంగి, "పదో తరగతిలో మొదట వచ్చిన అమ్మాయికి మన సంఘం తరఫున పదివేలు" అని మైకులో ప్రకటిస్తారు. కింద మూడో వరుసలో కూర్చున్న కోశాధికారి కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టవుతుంది. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు. పెట్టెలో వున్నది భవననిధి. అది భవనానికని చెప్పి తెచ్చిన సొమ్ము. పులిహోరకూ సన్మానాలకూ ముట్టుకోరానిది. అప్పుడు లేచి కాదనలేడు, మరునాడు ఇవ్వలేనూ లేడు. ఏడాది మొదట్లోనే ఇంత వస్తుంది, ఇంత ఇందుకు, ఇంత అందుకు అని అంచనా కాగితం రాసి కార్యవర్గం చేత ఒప్పించుకుని, ఒక ప్రతి అధ్యక్షులవారి చేతికి కూడా ఇచ్చిపెట్టడం తప్ప దీనికి మందు లేదు. ఆ కాగితం వేదికమీదికి కూడా తీసుకువెళ్లే అధ్యక్షుడు దొరకడం సంఘం అదృష్టం.

చట్టం మాట రెండు ముక్కలు. మనవంటి సంఘాలు నమోదయ్యే చట్టం 1860 నాటిది, 21వ నెంబరు. ఏడుగురు చేరితే చాలు. సంఘం తరఫున దావా వేయాలంటే అధ్యక్షుడి పేరనో ప్రధాన కార్యదర్శి పేరనో ధర్మకర్తల పేరనో వెయ్యవచ్చునని అందులో వున్నది. కోశాధికారి ఊసు అక్కడ లేదు. సంఘం సొమ్ము అపహరించిన సభ్యుడు, తనదీ అందులో వాటా కదా అని తప్పించుకోవడానికి వీలు లేదు. బయటివాడు దొంగిలిస్తే ఏ శిక్షో అతనికీ అదే. ఇంకొకటి మన సభ్యులు గమనించదగినది. చందా మూడు నెలలకు మించి బకాయి పడ్డవారికి ఓటు లేదు, సభ్యులలో లెక్కా లేదు. మహాసభలో అందరికన్న గట్టిగా లెక్కలడిగే గొంతు ఎవరిదో, వారి చందా పద్దు ఏమిటో మేమిక్కడ రాయము.

ఇంతవరకూ రాసి, అసలు రాయవలసినది దాటవేస్తున్నామని మాకే అనిపించింది.

2008 సంగతి. అప్పటి మా కోశాధికారి మంచి మనిషి అని ఊరంతటికీ పేరు. ఆ సంవత్సరపు మహాసభకు ముందు లెక్కలు సరిచూడగా, పుస్తకం ప్రకారం చేతిలో వుండవలసిన నిలువ 18,650. పెట్టెలో వున్నది 7,250. తక్కువ పడినది 11,400. ఆయనను అడిగాము. కాసేపు ఊరుకుని, "నేను కట్టేస్తాను" అన్నారు. ఎందుకు తగ్గిందని అడిగితే జవాబు లేదు. నెల తిరగకుండా కట్టేశారు. లెక్క సరిపోయింది. సభలో ఎవరూ ఏమీ అనలేదు. బయట అనని వారు లేరు. కంచే చేను మేసిందన్నారు. కూతురి పెళ్లికి వాడుకున్నాడన్నారు. ఆ పెళ్లికి మేమందరమూ వెళ్లి భోంచేసి వచ్చినవాళ్లమే. ఆయన మరుసటి ఎన్నికలో నిలబడలేదు. సంఘం కార్యక్రమాలకు వచ్చి వెనకవరుసలో కూర్చుని వెళ్లిపోయేవారు. 2010లో పదవీవిరమణ అయి, క్వార్టరు ఖాళీచేసి విజయనగరం వెళ్లిపోయారు. వీడ్కోలు సభ పెట్టాలా వద్దా అని మేము తర్జనభర్జన పడుతుండగానే ఆయన లారీ బయలుదేరిపోయింది.

ఆ మరుసటి ఉగాదికి ముందు, పాతికేళ్ల కుర్రవాడొకడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. శ్రీకాకుళం జిల్లావాడు. చేతిలో ఒక కవరు. "బాబుగారూ, ఇందులో అయిదువేలు వున్నాయి. మిగతాది వచ్చే యేడు ఇస్తాను. మా అన్నను ఇంటికి చేర్చినందుకు మీ సంఘానికి బాకీ వున్నాము" అన్నాడు. మాకేమీ అర్థం కాలేదు. కూర్చోబెట్టి అడిగాము.

వాడి అన్న ఇక్కడ కాంట్రాక్టరు కింద కూలిపనికి వచ్చినవాడు. 2007 వానాకాలంలో, జ్వరం ముదిరి, రాత్రివేళ అద్దెగదిలో పోయాడు. మన సంఘం సభ్యుడు కాదు. తెలుగువాడని ఎవరో చెబితే మా కోశాధికారి వెళ్లారు. తల్లి, ఈ తమ్ముడు సాయంత్రమే ఊరినుంచి వచ్చి వున్నారు. చేతిలో పైసా లేదు. కొండదారిన ఆ వానలో సాలూరు దిగి అంతదూరం శవాన్ని తీసుకువెళ్లడానికి బండివాడు 6,500 అన్నాడు. పెట్టె మంచంకింద వున్నది. ఆయన ఇంటికి వచ్చి పెట్టె తీశారు. బండికి 6,500, కొత్తబట్టకూ మంచుకూ ఇతర వాటికీ 1,900, తల్లి చేతిలో 3,000 పెట్టారు. బండివాడి దగ్గర రసీదు అడగాలన్న ఆలోచన ఆ సమయంలో ఎవరికి వస్తుంది? సంఘం నియమం ప్రకారం కార్యవర్గం అనుమతి లేకుండా ఆయన ఖర్చు చేయగలిగినది అయిదువందలు. సభ్యులు కానివారికి ఒక్క రూపాయి కూడా లేదు.

మరుసటి సమావేశంలో చెప్పి అనుమతి తీసుకోవాలని ఆయన అనుకున్నారట. కోరం లేక ఆ నెల సమావేశం జరగలేదు. తరువాతి నెలా జరగలేదు. ఈ సంగతి మాకు బాగా గుర్తున్నది, ఎందుకంటే రాని సభ్యులలో మేమూ వున్నాము. రెండు నెలలు రాయని పద్దు మూడోనెల రాయడం ఎంత కష్టమో రాసేవాళ్లకు తెలుసు. పైగా, చెబితే ఒకరు మంచిపని అంటారు, ఒకరు నియమం అంటారు. చచ్చిపోయిన పిల్లవాడి పేరు వాదంలో నలుగుతుందని ఆయన నోరు మెదపలేదు.

ఆయన చేసినది తప్పా అంటే, తప్పే. ఇవ్వడం తప్పు కాదు. రాయకపోవడం తప్పు. ఆ రాత్రే చిట్టాలో ఆ మూడు అంకెలూ వేసి, కింద ఒక వాక్యం రాసి, ఆ కుర్రవాడి చేతనే వేలిముద్రో సంతకమో పెట్టించి వుంటే, మూడేళ్ల నింద వుండేది కాదు. ఇది చెప్పినంత తేలికగా మా తప్పును మేము చెప్పలేకపోతున్నాము. ఏడాదికొకసారి మాత్రమే పుస్తకం తెరిచి చూశాము. నెలనెలా చూసి వుంటే రెండోనెలలోనే తేలేది. "ఎందుకు తగ్గింది" అని సభలో గంభీరంగా అడిగాము గాని, ఒక సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లి, గుమ్మంలో కూర్చుని, "ఏమైందన్నయ్యగారూ" అని అడిగినవారు మాలో ఒక్కరూ లేరు.

కార్యవర్గాన్ని పిలిచాము. ఈసారి కోరం కుదిరింది. మహాసభలో కూడా చెప్పాము. 2007 నాటి ఆ ఖర్చును ఇప్పుడు ఒప్పుకుంటూ తీర్మానం రాశాము. ఆయన కట్టిన 11,400 తిరిగి ఇచ్చేందుకు ఇద్దరం విజయనగరం వెళ్లాము. ఆయన వసారాలో కూర్చోబెట్టి, వదినగారి చేత కాఫీ ఇప్పించి, కవరు ముట్టుకోలేదు. ఆ సొమ్ము అట్లాంటి రాత్రులకోసమే విడిగా వుంచమన్నారు. కుర్రవాడు తెచ్చిన అయిదువేలు కూడా వాడికే తిరిగి పంపమన్నారు. మేము లేస్తుంటే మాత్రం ఒక్కటి అడిగారు. "ఆనాడు నేను కట్టినదానికి మీరు నాకు రసీదు ఇవ్వలేదు. అది పంపండి."

నిజమే. కట్టించుకున్నాము గాని రసీదు ఇవ్వలేదు. ఇంటికి వచ్చిన మరునాడే రాసి, రిజిస్టరు తపాలులో పంపాము.

అప్పటినుంచి మా చిట్టాలో ఆపద్ధర్మనిధి అని ఒక పద్దు వేరుగా వున్నది. కోశాధికారి రాత్రివేళ తనంతట తాను పదిహేనువేలవరకూ తీయవచ్చును. సభ్యుడా కాడా అని చూడనక్కర లేదు. మరునాటి సాయంత్రానికి చిట్టాలో రాయాలి. వారంలో కార్యవర్గానికి చెప్పాలి. రసీదు దొరకని చోట, అక్కడ వున్న మరొక మనిషి సంతకం చాలు. ప్రతినెల రెండో ఆదివారం, కార్యవర్గంలో లేని ఇద్దరు సభ్యులు వచ్చి పెట్టె విప్పి నోట్లు లెక్కపెట్టి, పుస్తకంతో సరిచూసి సంతకం చేస్తారు. వంతులవారీగా అందరిళ్లకూ ఆ పని వస్తుంది.

పదవి చేతులు మారేటప్పుడు జరిగేది కూడా రాయాలి, ఎందుకంటే ఈ ఊళ్లో అదే మన పెద్ద గండం. ఇక్కడ ఎవరికీ సొంత ఇల్లు లేదు. అరవై ఏళ్లు నిండితే క్వార్టరు ఖాళీ. సంఘం పుస్తకాలు అటకమీద పాత రేడియో పక్కన వుంటవి. సామాను కట్టేటప్పుడు అవీ ఇత్తడి బిందెల మధ్యకు చేరి వైజాగు వెళ్లిపోతవి. మా మొదటి సంవత్సరాల చిట్టాలు కొన్ని అట్లా పోయినవే. ఇప్పుడు దిగిపోయే కోశాధికారి ఎక్కే కోశాధికారికి జాబితా రాసి ఇస్తాడు. చిట్టా, పాసుపుస్తకం, చెక్కుపుస్తకంలో మిగిలిన చెక్కుల నెంబర్లు, వాడినవీ వాడనివీ రసీదు పుస్తకాలు, బ్యాంకు డిపాజిట్ల కాగితాలు, నమోదు పత్రం, ముద్ర, తాళంచెవులు రెండు. బ్యాంకులో సంతకాలు మార్పించడానికి తీర్మానం నకలు కావాలి, రోజులు పడుతుంది. అందుచేత పాత ఆయన ఊరు విడవకముందే ఆ పని కానివ్వాలి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రాబ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు, పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరులో పెట్టిన బ్యాంకు పేరు పోయిందని మన వాళ్లందరూ నొచ్చుకున్నారు. ఆ బ్యాంకులో ఖాతా వున్న సంఘాల కోశాధికారులకు నొచ్చుకోవడానికి తీరిక లేదు. వారు పాత చెక్కుపుస్తకాలు మార్పించే పనిలో వున్నారు.

ఈ సంవత్సరపు చిట్టా, రసీదు నకళ్లు, బ్యాంకు పుస్తకం మహాసభకు ముందు రెండు ఆదివారాలు ఉదయం తొమ్మిదినుంచి పన్నెండువరకూ కోశాధికారి ఇంటి వసారాలో వుంటవి. సభ్యులు వచ్చి చూడవచ్చును. కిందటి యేడు వచ్చినవారు నలుగురు. వారిలో ఇద్దరు పేపరు చదువుకుందామని వచ్చినవారు. ఈసారి కాఫీ కూడా వుంటుందని కోశాధికారి భార్య చెప్పమన్నారు. ఆ కాఫీ ఖర్చు సంఘం పద్దులో రాయరని కూడా చెప్పమన్నారు.